సుఖానికి ఒక పరీక్ష

కామారెడ్డి నుంచి తాడ్వాయి, లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి పోయే దారిలో ఏ పల్లెలో ఆగి అడిగినా, వాడకు నలుగురైనా దేశం బయట ఉన్నారని చెబుతారు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని తెలంగాణ వలసను మూడు మాటల్లో చెప్పుకున్న కాలం ఒకటుంది. ఇప్పుడు ఆ వరుసలో డాలస్, న్యూజెర్సీ, సియాటిల్ కూడా చేరాయి. తాత భీవండిలో మగ్గం నేసి ఉంటాడు, తండ్రి షార్జాలో సెంట్రింగ్ పని చేసి ఉంటాడు, మనవడు అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంటాడు. మూడు తరాల్లో బతుకు ఇంతగా మారడం చూస్తే ఎవరికైనా సంతోషమే. అయితే మారనిది కూడా ఒకటి మన వెంట వచ్చిందనీ, దాన్ని ఆపడానికి పరాయి దేశాలు చట్టాలు చేసుకుంటున్నాయనీ విన్నప్పుడు మనసు ఆగి ఆలోచించక తప్పదు. ఇంత దూరం వచ్చి, ఇంత సంపాదించి, మనం బతుకుతున్నది మంచి బతుకేనా?

2023 ఫిబ్రవరి 21న సియాటిల్ నగర మండలి తన వివక్ష నిరోధక చట్టంలో జాతి, మతం, లింగం వంటి వాటి సరసన కులాన్ని కూడా చేర్చింది. ఆరుగురు అవునన్నారు, ఒకరు కాదన్నారు. అమెరికాలో ఆ పని చేసిన మొదటి నగరం అదే. ప్రతిపాదన తెచ్చిన క్షమా సావంత్ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి పెరిగిన మనిషి. అదే ఏడాది సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో నగరం ఆ దారి పట్టింది. ఆ రాష్ట్రమంతటికీ వర్తించేలా సెనేటర్ ఆయిషా వహాబ్ పెట్టిన బిల్లును రెండు సభలూ ఆమోదించాయి. కానీ ఉన్న చట్టాలే ఈ రక్షణ ఇస్తున్నాయంటూ గవర్నర్ గావిన్ న్యూసమ్ అక్టోబరు 7న దాన్ని తిరస్కరించారు. బ్రిటన్ సంగతి మరొక రకం. అక్కడి 2010 సమానత్వ చట్టంలో కులాన్ని చేర్చే వీలు పెట్టారు, 2013లో పార్లమెంటు చేర్చి తీరాలన్నది, 2018లో ప్రభుత్వం కోర్టు తీర్పులు చాలులెమ్మని వెనక్కి తగ్గింది. గల్ఫ్‌లో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2015లో తెచ్చిన శాసనం మతం, జాతి, రంగుతో పాటు కులం పేరిట జరిగే వివక్షను కూడా నిషేధించింది. మన మనుషులు ఎక్కడికి చేరారో, ఆ చర్చ కూడా అక్కడికే చేరింది.

ఈ చర్చను నలుగురి నోట్లో పెట్టింది 2020 నాటి ఒక కేసు. సిలికాన్ వ్యాలీలో సిస్కో కంపెనీలో పనిచేస్తున్న ఒక దళిత ఇంజనీరును, భారతదేశం నుంచే వెళ్ళిన పై అధికారులు కులం కారణంగా వెనక్కి నెట్టారని కాలిఫోర్నియా ప్రభుత్వ పౌరహక్కుల విభాగం దావా వేసింది. అతను రిజర్వేషన్‌లో చదువుకున్నాడన్న సంగతి తోటివాళ్ళకు చెప్పారన్నది అందులో ఒక ఆరోపణ. కంపెనీ ఆరోపణలను కాదన్నది. ఇద్దరు అధికారుల మీద పెట్టిన కేసును 2023లో ప్రభుత్వమే ఉపసంహరించుకుంది. ఆ కేసులో న్యాయం ఎటుందో చెప్పవలసింది కోర్టు. కానీ ఆ వార్త బయటికి వచ్చాక, అంతవరకు నోరు మెదపని ఎందరో తమకూ ఇలాగే జరిగిందని చెప్పడం మొదలుపెట్టారు.

అక్కడ ఊరి బావి లేదు, ఊరి బయట వాడ లేదు. అయినా కులం ఎలా తెలుస్తుంది? అడిగి తెలుసుకుంటారు. ఇంటిపేరేమిటి, ఏ ఊరు, ఊళ్ళో మీ ఇల్లు ఎటువైపు, ఏ కాలేజీ, ఎంసెట్‌లో ర్యాంకు ఎంత, మాంసం తింటారా, ఏ మాంసం తింటారు? వీటిలో ఏ ఒక్కటీ విడిగా చూస్తే తప్పు ప్రశ్న కాదు. అన్నీ కలిసి ఒకే జవాబు కోసం వెతుకుతున్నప్పుడు మాత్రం ఎదుటి మనిషికి వెంటనే అర్థమవుతుంది. చిన్నప్పటి నుంచి అవే ప్రశ్నలు దాటుకుంటూ వచ్చినవాడు గనుక, మొదటి ప్రశ్నకే మూడో ప్రశ్న ఏమిటో అతనికి తెలుసు. జవాబు దొరికాక పండుగ పిలుపులు తగ్గుతాయి, రూము ఇస్తామన్నవాళ్ళు ఇంకెవరో వస్తున్నారంటారు. గట్టిగా ఒక్క మాట కూడా ఎవరూ అనరు. అందుకే ఫిర్యాదు చేయడానికి కూడా చేతిలో ఏమీ ఉండదు.

కొందరు ఆ ప్రశ్నలు రాకముందే ఇంటిపేరు మార్చుకుంటారు. మన తెలుగు నేల నుంచే వెళ్ళి న్యూయార్క్ సబ్‌వేలో కండక్టరుగా పనిచేసిన సుజాత గిడ్ల, 2017లో ఆంగ్లంలో అచ్చయిన 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్'లో తన కుటుంబ కథను, అంటరానితనం కథను దాచకుండా చెప్పింది. అలా పేరు పెట్టుకుని నిలబడి చెప్పగలిగినవారు తక్కువ. చెప్పలేనివారి మౌనాన్ని చూసి సమస్యే లేదనుకోవడం మనకు సులువు. 2020లో కార్నెగీ సంస్థ అమెరికాలోని భారతీయుల మధ్య జరిపిన సర్వేలో హిందువుల్లో సగానికి కాస్త తక్కువ మంది తమకు కులం గుర్తింపు ఉందన్నారు. వారిలో పదింట ఎనిమిది మంది పై కులాలవారే. కుల వివక్షను స్వయంగా ఎదుర్కొన్నామన్నవారు వందలో ఐదుగురు. ఈ అంకె చిన్నదే. కానీ ఆ దేశం దాకా చేరగలిగిన దళితులే కొద్దిమంది అయినప్పుడు, వారి బాధ ఏ అంకెలోనైనా చిన్నగానే కనబడుతుంది.

ఇది ఎవరూ ఊహించని సంగతి కూడా కాదు. 1916 మే 9న న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో పాతికేళ్ళ అంబేడ్కర్ భారతదేశంలో కులాల పుట్టుక గురించి ఒక వ్యాసం చదివాడు. కేత్కర్ అనే పండితుణ్ణి ఉదహరిస్తూ, హిందువులు వేరే దేశాలకు వలసపోతే కులం ప్రపంచ సమస్య అవుతుందని ఆ రోజే హెచ్చరించాడు. ఆ మాట చెప్పిన దేశంలోనే ఆ మాట నిజం కావడానికి నూరేళ్ళు పట్టింది.

అయితే వలస చరిత్రలో మనం గట్టిగా గుర్తుపెట్టుకోవలసిన మరో అధ్యాయం ఉంది. మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరింది. చెరకు తోటల కూలీకి ఒప్పందం రాసుకుని వెళ్ళిన మొదటి జట్టు అది. ఆ తర్వాత అర్ధ శతాబ్దం పాటు వెళ్ళిన ఓడల్లో మన తెలుగువాళ్ళు వేలమంది ఉన్నారు. ఓడ జాబితాలో పేరు, తండ్రి పేరు, ఊరు, వయసుతో పాటు కులం కూడా రాసుకున్నారు. కానీ ఓడలో అందరికీ ఒకే గంగాళంలో అన్నం వండారు. తోటలో అందరినీ ఒకే వరుస గుడిసెల్లో పడుకోబెట్టారు. జాబితాలో కులం రాసి ఉన్నా, బతుకులో దాన్ని నిలబెట్టుకునే చోటు లేకపోయింది. ఆ కూలీల మనవలు 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకుని తెలుగును, పండుగలను, రామభజనలను నిలుపుకోవాలని తపించారు. కులం మాత్రం తరం తరానికీ సన్నగిల్లింది. కులం పోతే సంస్కృతి పోతుందని భయపడేవారికి వారి చరిత్ర చాలినంత జవాబు.

ఇప్పటి గల్ఫ్ క్యాంపులలోనూ దాదాపు ఇదే జరుగుతోంది. ఎల్లారెడ్డి దిక్కు నుంచి పోయినవాడు, ఆర్మూర్ దిక్కు నుంచి పోయినవాడు, సిరిసిల్ల దిక్కు నుంచి పోయినవాడు ఒకే గదిలో మంచాల మీద మంచాలు వేసుకుని పడుకుంటారు. కలిసి మెస్సు పెట్టుకుంటారు. ఇవాళ ఒకరి వంతు, రేపు ఒకరి వంతు. కూర ఎవరు వండారన్నది కాదు, ఉప్పు సరిపోయిందా అన్నదే మాట. ఎవరైనా కన్నుమూస్తే శవపేటిక ఊరికి చేర్చడానికి క్యాంపంతా చందాలు వేస్తుంది. జ్వరమొస్తే పక్క మంచం మీదివాడే తల్లి, పక్క మంచం మీదివాడే అన్న. అన్ని క్యాంపులూ ఒక్కతీరుగా ఉన్నాయని నేను అనను. కానీ అక్కడ పదేళ్ళు, పదిహేనేళ్ళు ఉండి వచ్చినవాళ్ళను కదిలిస్తే ఈ మాటే ఎక్కువగా వినబడుతుంది: "ఆడ అందరం ఒక్కటే అన్నా."

అదే మనిషి ఊరికి వస్తాడు. సంపాదించిన డబ్బుతో స్లాబు ఇల్లు కడతాడు. ఇంట్లో దిగే రోజు దావత్ పెడతాడు. ఎవరిని లోపలి బంతిలో కూర్చోబెట్టాలి, ఎవరికి బయట వడ్డించాలి అన్న లెక్క ఆ రోజు తిరిగి వస్తుంది. షార్జాలో ఎవరితో ఒకే పళ్ళెంలో తిన్నాడో, ఆ మనిషి తన ఊళ్ళో తన గడప బయట నిలబడి ఉంటాడు. ఇద్దరికీ అది తెలుసు, ఇద్దరూ ఆ మాట ఎత్తరు.

దీన్ని చూసిన కొద్దీ నాకు ఒకటే అనిపిస్తుంది. కులం మనల్ని కష్టంలో కంటే సుఖంలో ఎక్కువగా పట్టుకుంటుంది. ఆకలిగా ఉన్నప్పుడు, పరాయి చోట దిక్కు లేనప్పుడు, చావు పక్కన నిలబడినప్పుడు మనం దాన్ని వదిలేయగలం. వదిలేశాం కూడా, ఓడల్లో, తోటల్లో, క్యాంపుల్లో. కాస్త నిలదొక్కుకుని, ఇల్లు కట్టి, పిల్ల పెళ్ళి తలపెట్టి, నలుగురిలో పేరు కోరుకునే వేళకు దాన్ని మళ్ళీ వెతికి తెచ్చుకుంటాం. అమెరికా వలసలో కులం ఎందుకు గట్టిగా నిలిచిందో కూడా ఇక్కడే తెలుస్తుంది. అక్కడికి వెళ్ళినవాళ్ళలో చాలామంది నిలదొక్కుకున్న ఇళ్ళ నుంచి వెళ్ళారు, దారి చూపిన చుట్టాల వెంట వెళ్ళారు, పెళ్ళి సంబంధాలు ఇక్కడి నుంచే తెచ్చుకున్నారు. ఒకే గదిలో అందరూ పడుకోవలసిన అవసరం వారికి ఎక్కువ కాలం రాలేదు. తెలుగు సంఘాలు చీలినప్పుడల్లా కులం మాట ఎందుకు వినిపిస్తుందో అక్కడి తెలుగువాళ్ళే బాధతో చెబుతుంటారు.

కాబట్టి మంచి బతుకు అంటే ఏమిటన్న ప్రశ్నకు పెద్ద ఇల్లు, మంచి ఉద్యోగం, పిల్లల చదువు అన్న జవాబు సగమే. అవన్నీ చేతికి వచ్చాక మనం ఎదుటి మనిషిని ఎలా చూస్తామన్నది మిగిలిన సగం. కష్టం మనకు సమానత్వాన్ని బలవంతంగా నేర్పుతుంది. సుఖంలో దాన్ని మనమే కోరుకుని నిలుపుకోవాలి. సుఖానికి పరీక్ష అది. ఒకరు తక్కువగా ఉంటేనే నాకు తృప్తి అనే స్థితిలో ఉన్నవాడు ఎంత సంపాదించినా సుఖపడినట్టు కాదు. అతని తృప్తి ఎదుటివాడి తలవంపు మీద ఆధారపడి ఉంది. ఎదుటివాడు తల ఎత్తిన రోజు అది పోతుంది. అలాంటి సుఖం కోసం జీవితమంతా కాపలా కాయాలి.

ఈ చట్టాలను కాదనేవారి మాట కూడా నిదానంగా వినాలి. కులమని పేరు పెట్టి చట్టం చేస్తే భారతీయులనందరినీ, ముఖ్యంగా హిందువులను, ముందే అనుమానంగా చూస్తారని వారి భయం. పరాయి దేశంలో రంగు వల్ల, యాస వల్ల అవమానం చూసినవారి భయాన్ని తీసిపారేయకూడదు. కానీ చట్టం అడుగుతున్నది ఒక్కటే: కులం కారణంగా ఉద్యోగంలో, అద్దె ఇంట్లో, నలుగురు చేరే చోట మనిషిని వేరు చేయవద్దు. వేరు చేయనివారికి ఈ చట్టంతో పనే లేదు. రంగు వల్ల వివక్ష జరిగిన రోజు అక్కడి చట్టం మనకు అండగా ఉండాలని కోరుకుంటాం. అదే అండ మనలోనే ఒకడు అడిగినప్పుడు వద్దనడానికి మనకు ఏ న్యాయమూ మిగలదు.

పైగా ఇది పరాయివాళ్ళు మనకు కొత్తగా నేర్పుతున్న పాఠం కాదు. లింగంపేటలో నాగన్న బావి ఉంది. రాతి మెట్లతో లోతుగా దిగే ఆ పాత మెట్ల బావిని ఈమధ్య బాగుచేశారు, చూడటానికి జనం దూరాల నుంచి వస్తున్నారు. ఇప్పుడు ఎవరైనా ఆ మెట్లు దిగవచ్చు. మన దేశంలో ఏ బావి మెట్లయినా ఎవరైనా దిగవచ్చన్న హక్కు మాత్రం తనంత తాను రాలేదు. 1950 జనవరి 26న అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణలో బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు అని ఒక్కొక్కటీ పేరు పెట్టి చెప్పింది. అంత పెద్ద గ్రంథంలో బావి పేరు రాయవలసి వచ్చిందంటే, ఆ బావి దగ్గర ఎన్ని వేల ఏళ్ళ దాహం నిలబడి ఉందో ఆలోచించాలి. 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో దానికోసం ప్రత్యేక చట్టం వచ్చింది. సియాటిల్ చేసిన పని మన రాజ్యాంగం చేసిన పనికి కొనసాగింపే. బావి పేరు రాయకపోతే బావి దగ్గర న్యాయం అడగలేం. కులం పేరు రాయకపోతే కులం వల్ల జరిగిన అన్యాయాన్ని నిలబెట్టి చూపలేం.

చట్టం ఉంటే అన్నీ సరిపోతాయని మాత్రం మన అనుభవం చెప్పదు. 1985లో కారంచేడులో దళితులను చంపాక రగిలిన ఉద్యమం, 1989 ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి వెనక ఉన్న కారణాల్లో ఒకటి. ఆ చట్టం వచ్చాకే, 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను నరికి చంపారు. కేసు ఏళ్ళ తరబడి నడిచింది. ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టి 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేశారు. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. చట్టం రాసినంత మాత్రాన న్యాయం చేతికి రాదు. చట్టం చెరువు కట్ట లాంటిది. కట్ట లేకుంటే నీళ్ళు నిలవవు, కానీ ఎంత గట్టి కట్టయినా పొలం దున్నదు, నాటు వేయదు. ఆ పని మనుషులదే.

ఆ పని ఇక్కడ కూడా ఎంతో మిగిలి ఉంది. ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలోనూ చుట్టుపక్కలా గ్రామాభివృద్ధి కమిటీల పేరుతో కొన్నిచోట్ల సాంఘిక బహిష్కరణలు విధించిన వార్తలు చదువుతూనే ఉన్నాం. కమిటీ మాట వినలేదని ఒక కులాన్నో ఒక కుటుంబాన్నో వెలివేస్తారు. వారికి కిరాణా దుకాణంలో సరుకు అమ్మకూడదు, పనికి పిలవకూడదు, ఆటో ఎక్కించుకోకూడదు, మాట్లాడినవారికి జరిమానా. ఊరు పచ్చగా ఉంటుంది, ఆ ఇంటి చుట్టూ మాత్రం మాట ఆగిపోతుంది. దళితుల మీద, ఆదివాసుల మీద ఇలాంటి బహిష్కరణ విధించడం, విధిస్తామని బెదిరించడం కూడా నేరమని అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ స్పష్టంగా చెప్పింది. అది 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. ఆ చట్టం గురించి తెలిసిన ఒక్క దుకాణదారు సరుకు అమ్మితే బహిష్కరణ సగం విరిగిపోతుంది. ఆ ఒక్కరు దొరకకపోవడమే మన కష్టం. సియాటిల్‌లో కులం అడగకుండా ఉండగలిగే అలవాటు, ఇక్కడ పొరుగింటితో మాట బంద్ చేయమన్నప్పుడు చేయనని చెప్పగలిగిన వాళ్ళకే వస్తుంది.

ఈ అలవాటుకు కావలసినవి పెద్ద త్యాగాలు కావు. రోజువారీ బతుకులో చిన్న చిన్న నిర్ణయాలు. ఇల్లు కిరాయికి ఇచ్చేటప్పుడు కిరాయి కట్టగలడా అని చూసి ఆగిపోవడం. మన ఇంట్లో పనిచేసే మనిషికి మనం తాగే గ్లాసులోనే చాయ్ ఇవ్వడం. దావత్‌లో ఒకే బంతి వేయడం. ఉద్యోగంలో ఒకరిని ఎంచవలసి వచ్చినప్పుడు, మనోడు అన్న ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్క నిమిషం పరీక్షించుకోవడం. రిజర్వేషన్‌లో చదువుకున్న మనిషి గురించి వెనక మాట వినిపించినప్పుడు, ఆ మాటను అక్కడే ఆపడం. పిల్లలు ప్రేమించిన మనిషిని ఇంటికి తెస్తే గుణం, ఆరోగ్యం, బాధ్యత అడిగి తెలుసుకోవడం. వీటిలో ఒక్కొక్కటీ చేసినప్పుడు ఊరి నుంచి ఒక మాట పడవచ్చు, చుట్టాల్లో ఒకరు ముఖం తిప్పుకోవచ్చు. ఆ మాత్రం ఖర్చు లేకుండా మంచి బతుకు దొరకదు. ఆ ఖర్చును ఇన్నాళ్ళూ ఒక వైపు మనుషులే పెట్టారు.

మంచిగా బతకడమంటే ఎదుటి మనిషి తలవంచకుండానే మనం నిండుగా ఉండగలగడం. ఆ నిండుదనం ఉన్నవాడికి సియాటిల్ చట్టం భారం కాదు, మన రాజ్యాంగం భారం కాదు. తాను ఎప్పటినుంచో పాటిస్తున్న మర్యాదే కాగితం మీద కనబడుతుంది.

కామారెడ్డి నుంచి, ఎల్లారెడ్డి నుంచి పిల్లలు ఇంకా వెళుతూనే ఉంటారు. వాళ్ళ పెట్టెలో పచ్చడి పెట్టండి, సకినాలు పెట్టండి, సర్టిఫికెట్లు జాగ్రత్త అని చెప్పండి. దాంతో పాటు ఈ మాట కూడా చెప్పి పంపండి: పరాయి చోట మన భాష మాట్లాడే మనిషి కనబడితే తిన్నావా అని అడుగు, ఎక్కడ ఉంటున్నావని అడుగు, కష్టముంటే ఫోన్ చెయ్యమని చెప్పు, కులం మాత్రం ఎన్నడూ అడగకు. ఆ మాట చెప్పిన రోజు నుంచి మనం కూడా ఇక్కడ, మన ఊళ్ళో, మన గడప దగ్గర దాన్ని పాటించాలి. మనం పాటించని మాటను పిల్లలు నమ్మరు.